వర్జ్యం దాటాక కదిలిన నావ

తొంభైల చివర్లో, కాకినాడలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, తెరచాప నావ మీద హోప్ ఐలాండ్ చుట్టి రావాలని నాకు పట్టుకుంది. మోటారు బోటులో అందరూ వెళ్లేవారే. గాలితో వెళ్లాలని నా పట్టుదల. ఆఫీసులో ఇద్దరు మిత్రులు సరేనన్నారు. ఒక నావ యజమాని తన చిన్న నావనూ, దానికి చుక్కాని పట్టే మనిషినీ ఇస్తానన్నాడు. ఆ మనిషికి అప్పటికే యాభై దాటాయి.

ఆ ప్రయాణం ఎలా చెడిందని నేను చెబుతూ వచ్చానో అది అబద్ధం.

నెల రోజులు గ్రాఫ్ కాగితం మీద ప్లాను గీశాను. ఆ దీవి ఉత్తర దక్షిణాలుగా సాగిన ఇసుక దిబ్బ. పడమటి పక్క లోతులేని నీళ్లు, తూర్పున సముద్రం. దక్షిణపు కొసన, మడ అడవి దగ్గర, పాయ సముద్రంలో కలిసే సన్నటి మొగ ఒకటి ఉండేది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడే అందులోంచి నావ సముద్రంలోకి వెళ్లగలదు. అది దాటితే దక్షిణపు గాలే మమ్మల్ని ఉత్తరపు కొసకు తోస్తుంది. కష్టమంతా ఆ మొగ దగ్గరే.

చుక్కాని మనిషి నా కాగితం చూసి, "బొమ్మ బావుందండి. ఎనిమిదికల్లా మొగలో ఉండాలండి. ఆ తర్వాత నీళ్లు తీసేత్తాయి. తెల్లారేసరికి రేవులో నావ ఇప్పేద్దాం" అన్నాడు.

ఆ ఉదయం అందరం వేళకే చేరాం. కానీ ఇంటి దగ్గర బయలుదేరే ముందే నేను పంచాంగం చూసుకున్నాను. అయిదున్నర నుంచి ఏడింటిదాకా వర్జ్యం. మాది ద్రాక్షారామం దగ్గర వ్యవసాయ కుటుంబం. వర్జ్యంలో మా ఇంట్లో గడప దాటరు, నాగలి కట్టరు. ఆ మాట మిత్రుల ముందు చెప్పలేక నీళ్ల డబ్బాలు విప్పి కట్టాను, కట్టి విప్పాను, సామాన్ల లిస్టు మళ్లీ చదివాను.

"కెప్టెన్‌గారు లిస్టు బట్టీ పడుతున్నారండోయ్! అప్పజెప్పాకే ప్రయాణం" అని ఒక మిత్రుడు నవ్వాడు.

నేను వాచీ చూసుకోవడం చుక్కాని మనిషి కనిపెట్టాడు. దగ్గరకొచ్చి మెల్లగా, "వర్జ్యమా అండి?" అన్నాడు. తలూపాను.

"నీళ్లకి వర్జ్యం ఉండదండి బాబుగారు. అయ్యి ఆగవు" అన్నాడు. అయినా నా మాట కాదనలేదు. విషయం మిగతావాళ్లకు చెప్పనూ లేదు.

ఏడు దాటాక కదిలాం. మొగ చేరేసరికి తొమ్మిదిన్నర. నీళ్లు అప్పటికే వెనక్కి తీస్తున్నాయి. నావ బురదలో కూర్చుంది. దీపాలు పెట్టే వేళకు మళ్లీ పోటు వచ్చేదాకా అక్కడే ఉన్నాం, ఎండలో, పీతలు పాకడం చూస్తూ.

"సముద్రం అంటే ఇదేనా అండి? మా ఊరి చేపల చెరువు నయం" అన్నాడు రెండో మిత్రుడు. తర్వాత కాస్త చిరాగ్గా, "ఇంతకీ ఎవరి లెక్క తప్పింది?" అన్నాడు.

"దారి చూపింది ఈయన కదా" అన్నాను.

చుక్కాని మనిషి నా వైపు ఒకసారి చూసి, గెడ పట్టుకుని బురదలోకి దిగాడు.

తర్వాతి వారం యజమాని ఆఫీసుకొచ్చి అడిగాడు. "ఏంటండి, మావాడు మొగ కనిపెట్టలేకపోయాడంట?" అవునన్నాను. పదిహేనేళ్లుగా ఆయన చేతిలో ఉన్న చుక్కాని ఆ నెలలోనే వేరొకరికి వెళ్లింది. ఆ తర్వాత ఏ నావవాళ్లూ ఆయన్ని పిలవలేదు. ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ ఉండిపోయాడు.

ఏడెనిమిదేళ్లు గడిచాక ఆయన దగ్గరికి వెళ్లాను. వలల షెడ్డులో ఓ మూల కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పి, తప్పు నాదేనన్నాను.

ఆయన సూది ఆపలేదు. "నాకెందుకండి చెప్తారు? నాకు తెలుసు కదా. ఆళ్లకి చెప్పండి" అని షెడ్డులో పనిచేస్తున్నవాళ్ల వైపు గడ్డంతో చూపించాడు.

పదిమంది దాకా ఉన్నారు. లేచి నిలబడ్డాను. గ్రాఫ్ కాగితం సంగతి, వర్జ్యం సంగతి, బురదలో నేనన్న మాట, యజమానికి చెప్పిన అబద్ధం, అన్నీ చెప్పాను. వెనక నుంచి ఎవరో, "చదువుకున్నోళ్లకి కూడా వర్జ్యమేంటి బాబూ!" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ తల దించుకునే నవ్వాను.

ఆ నవ్వు తగ్గాక ఒక నావవాడు ఆయన్ని అడిగాడు. "అయితే మావా, ఆ రోజు ఎనిమిదికి ఆ మొగలో నీళ్లెంత ఉండుంటాయి?"

ఆయన సూది పక్కన పెట్టి, లేచి, తొడ మీద చెయ్యి పెట్టి చూపించాడు.