అన్నం తర్వాతే ఊరూ పేరూ

గడి అక్క పోయింది. కబురు నాకు మరాఠీలో వచ్చింది. మా జిల్లాలోనే, దుర్గాపూర్‌లో మా అబ్బాయి క్వార్టర్ ముందు కూర్చుని ముఖం కడుక్కుంటుంటే ఫోన్ మోగింది. ఆమె మునిమనవడు. “ఆజోబా, ఆజీ గేలీ,” అన్నాడు. ముసలాయనకు అర్థమైందో లేదోనని కాబోలు, వెంటనే తెలుగులోకి దిగాడు. “పొద్దుగాల చాయ్ అడిగింది. తెచ్చేసరికి పానం లేదు. నువ్వు వచ్చేదాంక ఎత్తద్దని బాపు అంటుండు. జల్దీ రా.”

నేను వెళ్లేదాకా ఆపడానికి నేను ఆమెకు ఏమీ కాను. మొదటిసారి చూసినప్పుడు “దొరసానీ” అన్నాను. “దొరతనం పోయి ఏండ్లాయె తమ్మీ. అక్క అను, సరిపోతది,” అంది. అప్పటి నుంచి నేనే కాదు, ఆ బాటన పోయిన ప్రతివాడూ ఆమెను గడి అక్కనే అన్నాడు.

లక్కడ్‌కోట్ వైపు పోయే బాట మీద ఉంటుంది వాళ్ల గడి. ఏనుగు పట్టేంత దర్వాజా, లోపల నాలుగు వైపులా కమానుల వసారా, నడుమ బావి. జాగీర్లు పోయాక అంత ఇంట్లో మిగిలింది అక్కా, ఆమె అత్తా, ఎప్పుడూ దగ్గుతుండే మొగుడూ, ఇద్దరు పిల్లలూ, ఎనిమిది ఖాళీ గదులూ. ఆ గదుల్లోనే బాటసారులను దింపుకోవడం మొదలుపెట్టారు. చాలా కాలం బోర్డు కూడా లేదు. తర్వాతెప్పుడో కొడుకు మరాఠీలో ఒకటి రాయించి, అందులో ‘రాజమహల్’ అని పెట్టాడు. అక్క వారం రోజులు నవ్వింది. “పైకప్పు కురుస్తది, పేరు చూడుండ్రి!”

ఆ గడికి ఒక నియమం ఉండేది. వచ్చినవాడికి ముందు కాళ్లకు నీళ్లు, తర్వాత బెల్లం ముక్క, చెంబెడు నీళ్లు, ఆపైన జొన్నరొట్టె, పప్పు, పుంటికూర. అతను తిని చెయ్యి కడుక్కున్నాకే “ఏ ఊరు బిడ్డా? పేరేంది?” అని అడగడం. అంతకుముందు ఒక్క ప్రశ్న ఉండదు. ఇది అత్తగారు పెట్టినది. కారణం కూడా చెప్పేదట: “ముందే అడిగితే వడ్డించే చెయ్యి మారుతది.” చప్రాసికీ అతని గుమాస్తాకూ పక్కపక్కన ఒకే లావు రొట్టె పడ్డ ఇల్లు నేను అదొక్కటే చూశాను. ఆ చప్రాసిని నేనే.

నా చదువు గురించి ఒక మాట చెప్పి అసలు సంగతికి వస్తాను. ఉర్దూ నాకు కచేరీ ఫైళ్లు మోస్తుంటే వచ్చింది. మరాఠీ సర్కారు హుకుం వల్ల వచ్చింది. తెలుగు మాత్రం పల్లీల పొట్లాల కాగితాల మీద నేర్చుకున్నాను. అందుకే ఇవాళ్టికీ నాకు చాలా వార్తలకు మొదలు తెలుసు, ముగింపు తెలియదు. పొట్లం అక్కడే చినిగి ఉండేది.

హైదరాబాద్ రాష్ట్రం ముక్కలైన రోజులవి. మా తాలూకా ఉన్నచోటనే ఉండి మరాఠీ వైపు పడింది; రాష్ట్రం మారింది, జిల్లా మారింది, కొన్నేళ్లకు జిల్లా మళ్లీ మారింది. మనుషులు కదల్లేదు గాని కాగితాలు కదిలాయి. ఊరూరా తిరిగి పాత దఫ్తరాలు పోగు చేసి ఎర్రగుడ్డలో మూటలు కట్టే పని మా గుమాస్తాది, వాటిని బండికెత్తే పని నాది. కొత్త సర్కారులో ఎవరి నౌకరీ ఉంటుందో, ఎవరిది పోతుందో తేలలేదు. మా గుమాస్తా మంచివాడే, కాని ఆ భయంతో నోరు కుట్టేసుకున్నాడు. నాకూ అదే నేర్పాడు: “అడగనిది చెప్పకు. చెప్పినోని పేరే ముందు కొట్టేస్తరు.”

ఆ తిరుగుడులో గుట్టల మీద ఒక ఊళ్లో మూడు రోజులు మకాం చేశాం. చాలా ఇళ్ల గుమ్మాలకు వేపమండలు కట్టి ఉన్నాయి. అంటే ఆ ఇళ్లలో అమ్మవారు పోసిందని అర్థం. ఇద్దరం చూశాం. “జల్దీ మూటలు కట్టు,” అన్నాడు గుమాస్తా. అంతే. నాకు చిన్నప్పుడే టీకా వేశారు. అతనికి వేశారో లేదో నేను అడగలేదు.

రెండు వారాలు తిరిగి గడికి చేరేసరికి అతని ఒళ్లు కాలుతోంది. అక్క ఎప్పటిలాగే కాళ్లకు నీళ్లిచ్చింది, బెల్లం పెట్టింది, ఏమీ అడగలేదు. తిన్నాక కూడా, “జరమున్నట్టున్నది, పండుకో అన్నా,” అని మంచం వేయించింది గాని ఏ ఊరి నుంచి వచ్చావని అడగలేదు. ఆమెకు ఆరేళ్ల బిడ్డ ఉండేది. కచేరీ కాగితాలకు కొట్టే పోయిన రాష్ట్రపు మొహరు ఒకటి గుమాస్తా సంచిలో ఉంటే, ఆ పిల్ల మంచమెక్కి చెయ్యి చాపింది. “నాకు కొట్టు మామా!” గుమాస్తా మూలుగుతూనే అరచేతిలో ముద్ర కొట్టాడు. పిల్ల ఆ అరచెయ్యి చూపిస్తూ ఇల్లంతా తిరిగింది. “చూడుండ్రి, నేను సర్కార్!”

అప్పుడు నేను వసారాలో మూటలు సర్దుతున్నాను. ఒక్క మాట చెప్పి ఉంటే అక్క ఆ పిల్లను ఆ గది గుమ్మం దాటనిచ్చేది కాదు. నన్నెవరూ అడగలేదు. నేను చెప్పలేదు.

మూడో రోజుకు గుమాస్తా ముఖం మీద పొక్కులు లేచాయి. పిల్లలను వెనక కొట్టంలోకి పంపి, అక్క ఒక్కతే అతనికి సేవ చేసింది. అతను బతికాడు, ముఖమంతా మచ్చలతో. పిల్లకు మరో పది రోజులకు జ్వరం వచ్చింది. ఆ ఏడు మా వైపు టీకాలాయన రానే లేదు. పిల్ల పోయింది.

చావుకు వచ్చిన మగవాళ్లందరూ దర్వాజా దగ్గర కూర్చుని తీర్మానం చేశారు. ఇకమీదట వచ్చినవాణ్ణి ఊరూ పేరూ అడిగాకే లోపలికి రానివ్వాలని. అక్క తడి చీరతోనే వచ్చి నిలబడింది. “అడిగితే ఏం జేస్తరు? జరమొచ్చినోన్ని బాటల పండవెడ్తరా?” అంది. గడిలో నియమం మారలేదు.

ఒకటి మాత్రం కొత్తగా చేరింది. వచ్చినవాడు దర్వాజాలో అడుగు పెట్టగానే, చెంబు అందించేముందు, అక్క తన చేతి వెనకభాగాన్ని అతని నుదుటికి ఆనించేది. వెచ్చగా ఉంటే అతనికి బావి పక్క గది, అన్నీ తానే తీసుకెళ్లి పెట్టేది. అప్పుడు కూడా ఏమీ అడిగేది కాదు.

జనం దాన్ని ఆశీర్వాదం అనుకున్నారు. ఆవర్‌పూర్ సిమెంటు కొలువుకు వచ్చిన ఒక ఇంజనీరు మొరాకో దేశంలో పనిచేసి వచ్చాడు. అక్కడ కూడా పాత మహళ్లను ఆ ఇంటివాళ్లే హోటళ్లుగా నడుపుతారట. వచ్చినవాడి చేతుల మీద నారింజపూల నీళ్లు చల్లుతారట, పుదీనా చాయ్ మూరెడెత్తు నుంచి గ్లాసులోకి పోసి, మూడు గ్లాసులు తాగేదాకా వదలరట. “కానీ అక్కా, ఇట్లా అమ్మలాగా నుదురు ముట్టుకునే మర్యాద నేను ఏ దేశంలో చూడలేదు,” అన్నాడు, కళ్లు తడి చేసుకుని. అక్క చాయ్ గ్లాసు అతని ముందుకు జరిపింది. “మూరెడెత్తు నుంచి పోస్తే సగం కిందనే పోతదేమో బాబూ. తాగు, సల్లారుతది,” అంది.

నేను పక్కనే ఉన్నాను. ఆ చెయ్యి నా నుదుటిని కూడా లెక్కలేనన్నిసార్లు తాకింది. తాకినప్పుడల్లా చెప్పాలనుకున్నాను. నౌకరీ నిలిచింది, పెన్షన్ వచ్చింది, పళ్లు ఊడాయి. చెప్పలేదు.

పోయిన చలికాలం చెప్పాను. మంచం వసారా ఎండలోకి లాగించుకుని కూర్చుంది. “అక్కా, నీకొక మాట చెప్పాలె,” అంటే, “తిన్నంక,” అంది. ఆమె కోడలు రొట్టె పెట్టింది. తిని, చెయ్యి కడుక్కుని, మంచం పక్కన కింద కూర్చుని అంతా చెప్పాను. గుట్టల మీది ఊరు, వేపమండలు, గుమాస్తా మాట, నా మౌనం.

“ఎరుకుండి చెప్పలే,” అంది.

“చెప్పలే అక్కా.”

ఆమె చీర అంచును వేళ్లతో మడతలు పెడుతూ, విప్పుతూ కూర్చుంది. తిడుతుందనుకున్నాను. లెమ్మంటుందనుకున్నాను. ఆ రెంటికీ నేను ఏళ్ల తరబడి సిద్ధపడే ఉన్నాను.

“తమ్మీ, గా ఊర్ల ఎందరు పిల్లలు పోయిండ్రు?”

ఆ ఊరి గుమ్మాలు నాకు ఇన్నేళ్లూ కళ్ల ముందే ఉన్నాయి. ఆ గుమ్మాల వెనక ఎవరున్నారో ఒక్కనాడు తలచుకోలేదు, ఒక్కసారి పోయి అడగలేదు. నోరు మాత్రం తెరిచాను.

అక్కకు చెవుడు బాగా ముదిరింది. నేను జవాబు చెప్పాననీ, తనకే వినపడలేదనీ అనుకుంది. మంచం పట్టె పట్టుకుని మెల్లగా ముందుకు వంగి, కొంగు తొలగించి, చెవిని నా నోటి దగ్గరికి తెచ్చింది. అట్లాగే ఆగింది.