చెమ్మ మేడం నలభై మూడు గోడలు

మా పై వాటాలో అద్దెకుంటున్న అమ్మాయిని వీధంతా చెమ్మ మేడం అంటారు. ఆ పేరు పెట్టింది నేనే, దాచడమెందుకు. వచ్చిన రోజు, సామాన్లు ఇంకా మెట్ల మీదుండగానే, మా వంటింటి గోడకి అరచెయ్యి ఆనించి నాడి చూసే డాక్టరులా నిలబడిపోయింది. "పిన్నిగారూ, దీనికి రంగు ఎన్నిసార్లు వేయించారు?" అంది. నీళ్ళెప్పుడొస్తాయి, చెత్తబండి ఎప్పుడొస్తుంది అని అడగాల్సిన మనిషి గోడ పుట్టుపూర్వోత్తరాలు అడుగుతోంది. నాలుగుసార్లన్నాను. "అయ్యో పాపం" అంది. నన్ను కాదు, గోడని.

నేను చదివింది ఐదో తరగతి. అడగడానికి పరీక్ష పాసవ్వక్కర్లేదు కాబట్టి ఆ అమ్మాయిని అడిగి అడిగి అంతా తెలుసుకున్నాను. యూనివర్సిటీలో పాఠాలు చెబుతుంది. పాఠాలయ్యాక కింది అంతస్తులో ఒక గదిలోకి దూరుతుంది. ఆ గదిలో మోకాలెత్తు ఇటుక గోడలు నలభై మూడు. ఒక్కొక్కటి ఒక్కో రేకు పళ్ళెంలో, రెండంగుళాల నీళ్ళలో నిలబడి ఉంటుంది. కొన్నిటికి సున్నం పూత, కొన్నిటికి సిమెంటు, కొన్నిటికి పైన మెరిసే రంగు. సుద్దముక్కతో నంబర్లు. రోజూ పొద్దున్న ఎనిమిదింటికి స్కేలు పట్టుకుని తడి ఎంత ఎత్తు ఎక్కిందో కొలిచి రాసుకుంటుంది. ఆరేళ్ళుగా ఇదే పని.

"గోడలకి నీళ్ళు పోసి పెంచుతున్నావా తల్లీ, కాయలు కాస్తాయా?" అన్నాను మొదటిసారి చూసినప్పుడు. నవ్వలేదు. "ఏడు, ఎనిమిది చూడండి పిన్నిగారూ" అంది. రెండూ ఒకే రోజు కట్టిన గోడలు. సున్నం పూసిన ఏడులో తడి నా చీలమండ దగ్గరే ఆగిపోయింది. మందపాటి రంగు వేసిన ఎనిమిదిలో మోకాలి దాకా ఎక్కింది. మా వంటింట్లో చెమ్మ కనబడ్డప్పుడల్లా దాన్ని కప్పెట్టడానికి నేను వేయించింది అదే రంగు.

ఒక సాయంత్రం ఆ అమ్మాయి నెత్తిన పిడుగు పడ్డట్టు వచ్చి మా మెట్ల మీద కూలబడింది. వాళ్ళ డిపార్టుమెంటు పెద్దాయన గది ఖాళీ చెయ్యమన్నాడట. ఈ పరిశోధన ఎవరికైనా పనికొచ్చినట్టు నెలాఖరు మీటింగులో చూపిస్తే సరే, లేకపోతే పరీక్షల వాళ్ళకి కాగితాలు పెట్టుకోవడానికి ఇచ్చేస్తారట.

"గోడల్ని ఇంకో గదికి మోయించుకో."

"కదిపితే ఇటుకల మధ్య అతుకు ఊడిపోతుంది పిన్నిగారూ. అప్పుడు నీళ్ళు ఎక్కే దారే మారిపోతుంది. ఆరేళ్ళూ గంగలో కలిసినట్టే."

"దీని గురించి పత్రికలో నువ్వు రాసిన పేపరు ఎంతమంది చదివారు?"

"ముప్ఫై ఒక్కసారి తెరిచారు."

"అందులో నువ్వెన్నిసార్లు?"

పైకప్పు వంక చూసింది. "పద్నాలుగు."

"మిగతావాటిలో?"

"మా అమ్మ రెండుసార్లు, నన్ను చూడ్డానికి యూనివర్సిటీకి వచ్చినప్పుడు."

మా ఆయన పేపరు దించకుండానే అందుకున్నాడు. "మీ పిన్నికి చెప్పావుగా, ఇంక అచ్చేయించక్కర్లేదు. రేపటికి పక్క ఊరికి కూడా తెలుస్తుంది."

వెటకారానికే అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళంతా హుషారు పుట్టుకొచ్చింది. ఈ పిల్ల దగ్గర చెప్పాల్సిన కబురుంది, చెప్పే నోరు లేదు. నా దగ్గర నోరుంది.

మర్నాడు నా ఫోను పట్టుకుని ఆ గదికి వెళ్ళాను. ఏడు, ఎనిమిది గోడల మధ్య నిలబెట్టి చెప్పమన్నాను. "ప్రస్తుత అధ్యయనంలో, నియంత్రిత పరిస్థితులలో..." అని మొదలెట్టింది. ఆపేశాను.

"అమ్మాయ్, నేను మళ్ళీ రంగు వేయిస్తున్నాననుకో. నామీద నీకు ఒళ్ళు మండింది. అప్పుడెలా చెబుతావో అలా చెప్పు."

ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత స్కేలు ఎనిమిదో గోడకి ఆనించి గుక్కతిప్పుకోకుండా చెప్పింది. "గోడ తడిసిందని మందపాటి రంగు వేస్తున్నారు. లోపలి నీళ్ళు ఆరిపోయే దారి మూసేస్తున్నారు. ఆరే దారి లేకపోతే నీళ్ళు పైకెక్కుతాయి. ఇదిగో, ఇంత." నిమిషం కూడా లేదు. నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది, చేతిలో ఫోనుండబట్టి ఆగాను.

ఆ వీడియోని తీసుకెళ్ళి తోటి ప్రొఫెసర్ల గ్రూపులో పెట్టింది. తొమ్మిదిమంది బొటనవేళ్ళు పెట్టారు. మురిసిపోయింది.

"గోడలు కట్టేది వీళ్ళా?" అన్నాను.

"కాదు."

"కట్టేవాళ్ళుండే చోట పెట్టాలి కదా మరి."

మా మెట్లకి పూత వేసిన మేస్త్రీకి ఫోను చేశాను. ఆయన గ్రూపులో ఆరువందలమంది మేస్త్రీలున్నారు. పొద్దున్నే పెట్టొద్దన్నాడు, అప్పుడు చేతులకి సిమెంటుంటుంది, ఫోను ముట్టుకోరు. మధ్యాహ్నం తిని నడుం వాల్చే వేళ పెట్టమన్నాడు. అలాగే పెట్టాం. ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకి పాకి సాయంత్రానికి పన్నెండు వేలమంది చూశారు. నేను పదిసార్లు పై వాటా మెట్లెక్కి దిగాను, అంకె పెరిగినప్పుడల్లా. మోకాళ్ళ నొప్పులు ఎటు పోయాయో తెలీదు.

అంతలో మేస్త్రీ ఫోను. "అమ్మగారూ, వీడియో కింద ఇచ్చిన మేడంగారి పేపరు లింకు నొక్కితే యూనివర్సిటీ పాస్‌వర్డు అడుగుతోందండీ. మాకెక్కడిది?"

అమ్మాయి నమ్మలేదు. తనకెప్పుడూ తెరుచుకుంటుందట. ఎందుకు తెరుచుకోదు, యూనివర్సిటీలో కూర్చుని నొక్కితే. తాళంచెవి మెళ్ళో వేసుకు తిరిగే మనిషికి తలుపుకి తాళముందని గుర్తుంటుందా? ఇన్నాళ్ళుగా లోకమంతా గడప దాకా వచ్చి తిరిగిపోతోందన్నమాట.

లైబ్రరీ ఆవిడ దగ్గరికి పరిగెత్తాం. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది. "పత్రికకి ఇచ్చిన చివరి ప్రతిని మన యూనివర్సిటీ సైటులో అందరికీ తెరిచి పెట్టొచ్చమ్మా. ఈ పత్రికవాళ్ళు ఒప్పుకుంటారు. నీకు మూడు మెయిళ్ళు పంపాను." అమ్మాయి నేల చూపులు చూసింది. అరగంటలో పని అయిపోయింది. పైన ఒక పేజీలో మామూలు మాటల్లో సారాంశం కూడా రాయించిందావిడ, ఏడు, ఎనిమిది గోడల ఫొటోతో.

ఇక్కడిదాకా అంతా బాగానే ఉంది. తర్వాత చేసిన ఘనకార్యం నాది. హుషారులో నేను కూడా ఆ వీడియోని నాలుగు గ్రూపుల్లో పెట్టి పైన ఒక ముక్క రాశాను. "రంగు గీకి సున్నం వెయ్యండి, జన్మలో చెమ్మ రాదు."

నాలుగోరోజు ఎవరో ఒకావిడ రాసింది. మీ మాట విని గదంతా గీకించాను, గోడ ఇదివరకటికంటే ఎక్కువ కారుతోంది, మీ చదువులు ఇంతేనా అని. దాని కింద వరస కట్టి వెక్కిరింతలు. అమ్మాయి మొహం సున్నం కొట్టినట్టయింది.

"జన్మలో రాదని నేనెక్కడన్నాను?"

"నువ్వనలేదమ్మా. నేనే రాశాను."

మీటింగు ఆరు రోజుల్లోకి వచ్చింది. "తీసేస్తాను" అన్నాను.

"తీసేస్తే మీ రాత పోతుంది. ఆవిడ తడి గోడ పోదు పిన్నిగారూ. ముందు ఫొటో తెప్పించండి."

ఫొటో వచ్చింది. చూస్తూనే అమ్మాయి లేచి నిలబడింది. "మరక భుజం ఎత్తులో మొదలై కిందికి దిగింది. నేలనుంచి ఎక్కిన నీళ్ళు కాదిది. లోపల పైపు కారుతోంది." ప్లంబరుని పిలిపించమని ఆవిడకి రాసింది.

ఆ సాయంత్రమే రెండో వీడియో తీశాం. ముందు నేను నిలబడ్డాను. జన్మలో రాదన్న మాట నాది, పేపరులో లేదు, తప్పు నాదేనని చెప్పాను. పాత రాత పక్కన కూడా ఆ మాటే పెట్టాను. తర్వాత అమ్మాయి మరక ఎక్కడ మొదలైందో చూసుకోవడం నేర్పించింది, కిందనుంచైతే ఒక దారి, పైనుంచైతే ఇంకో దారి అని. ఆఖర్న తనకి తెలియనివి కూడా చెప్పింది. "ఉప్పునేలల్లో కట్టిన గోడల సంగతి నాకు తెలియదు. నా గోడలు మంచినీళ్ళలో ఉన్నాయి. ఇలాగే ఉండవచ్చు, ఉండకపోవచ్చు." ఆ పిల్ల నోట ఈ "వచ్చు"లని రోజూ ఆటపట్టించేదాన్ని. ఆ రోజు వింటుంటే అవి ఎందుకున్నాయో తెలిసొచ్చింది.

మొదటి వీడియోని చూసి వదిలేసినవాళ్ళు రెండోదానికి కదిలారు. గోడల ఫొటోలు వరదలా వచ్చాయి. నేను కింద కూర్చుని మరక పైనా కిందా అని వేరు చెయ్యడం, తను పైన కూర్చుని ఒక్కొక్కరికీ జవాబివ్వడం. డెబ్భై ఒక్క గోడలు. మూడోరోజు ఆ గదంతా గీకించుకున్నావిడ మళ్ళీ రాసింది, పైపు దొరికిందని. మేస్త్రీపని నేర్పే బడి నుంచి ఒక మాస్టారు కూడా రాశాడు. మాది ఉప్పునేల, మా గోడలు కొలుస్తారా అని.

మీటింగు రోజు నేనూ వెళ్ళాను, బయట బల్ల మీద కూర్చున్నాను. లోపల మాటలు వినడం తప్పే. కానీ ఆ గది తలుపు చెమ్మకి ఉబ్బి మూసుకోవడం లేదు, నన్నేం చెయ్యమంటారు?

"వేలమంది చూశారంటే వాడారని కాదు కదమ్మా" అన్నాడు పెద్దాయన.

"కాదండీ" అంది మా అమ్మాయి. "అందుకే ఆ లెక్క తేలేదు. ఇవి డెబ్భై ఒక్క గోడలు. పంతొమ్మిదింటికి ఏం చేశారో, ఏమైందో మళ్ళీ రాసి చెప్పారు. నాలుగిటికి నేను చెప్పింది సరిపోలేదు. అవి కూడా పెట్టాను."

తర్వాత, అమ్మాయి పిలిపించిన ఆ మేస్త్రీల బడి మాస్టారు లేచాడు. ఆ సారాంశం పేజీ అచ్చుతీయించి బడిలో గోడకి అంటించాడట. దాన్నే పీకి తెచ్చాడు. దాని నిండా సున్నం వేలిముద్రలు. "మావాళ్ళు పూత కలిపేముందు దీన్ని చూసుకుంటారండి" అని బల్ల మీద పెట్టాడు. ఆ కాగితం ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి తిరగడం తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాను.

ఇంకో రెండేళ్ళు గది కదపొద్దన్నారు. పరీక్షల కాగితాలు ఇంకెక్కడో పెట్టుకుంటారట. బయటికొస్తూ పెద్దాయన ఆ ఉబ్బిన తలుపుని కాలితో తన్ని, "దీని సంగతి కూడా చూడమ్మా" అన్నాడు. అమ్మాయి అప్పటికే దాని పక్కగోడకి అరచెయ్యి ఆనించి నిలబడింది.

మా వంటింటి రంగు నాలుగు పొరలూ గీకించాం. తడి తగ్గుతోందా అంటే, నెలకి రెండు వేళ్ళు. పూర్తిగా ఆరుతుందా అంటే ఆరవచ్చు, ఆరకపోవచ్చు. రోజూ పొద్దున్న ఎనిమిదింటికి స్కేలు పెట్టి నేనే కొలుస్తాను. పొయ్యి పక్కన సుద్దముక్కతో అమ్మాయి నంబరు కూడా వేసింది, నలభై నాలుగని. మొన్న ఆ నంబరు చూసి, "అమ్మాయి రాసే పేపర్లో గోడ నంబరేనా, కొలిచినవాళ్ళ పేరు కూడా ఉంటుందా?" అని అడిగాడు మా ఆయన.

ఉంటుంది. కనుక్కున్నాను.