కీళ్ల నొప్పికి మూలం కడుపులో దొరికింది

ఆ రోజు పొద్దున కంపెనీ బస్సు ఎక్కుతూ కడ్డీ పట్టుకుంటే వేళ్లు ముడుచుకోలేదు. నేను ఆదిభట్లలోని ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్‌ని. వేళ్లు పనిచేయకపోతే నాకు పనే లేదు.

కొద్దిరోజులకు మణికట్లు, మోకాళ్లు కూడా వాచాయి. ఇబ్రహీంపట్నంలో చూపిస్తే ఆర్థరైటిస్ కావచ్చని పెయిన్‌కిల్లర్లు రాశారు. కీళ్లవాతం ఉందేమో చూసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ రక్తపరీక్ష నెగెటివ్ వచ్చింది. మాత్ర వేసుకున్న పూట బాగుండేది, అంతే. ఏడాది తిరిగేసరికి సూపర్‌వైజర్ నన్ను ప్రొడక్షన్ లైన్ మీద నుంచి తీసి స్టోర్స్‌లో కూర్చోబెట్టాడు.

చివరికి హైదరాబాద్‌లో కీళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె వేళ్ల కన్నా ముందు పాత రిపోర్టులు చూసింది.

"హిమోగ్లోబిన్ ఇంత తక్కువుందేంటి? మోషన్స్ ఎట్లుంటయి?"

"ఎప్పుడూ లూజేనమ్మా. నాకు గట్లనే అలవాటైంది."

ఆమె రాసిన టీటీజీ అనే రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది. ఎండోస్కోపీ చేసి చిన్నపేగు నుంచి బయాప్సీకి ముక్క తీశారు.

"సీలియాక్ డిసీజ్. గోధుమల్లో ఉండే గ్లూటెన్ నీకు పడదు. పేగు దెబ్బతిన్నది. కీళ్లు కూడా దానివల్లే నొస్తుండొచ్చు. గోధుమ, మైదా, బొంబాయి రవ్వ, బార్లీ జీవితాంతం బంద్" అంది.

"లోకమంతా చపాతీలు తింటలేదా?" అని అమ్మ నమ్మలేదు. అయినా ఆ సాయంత్రమే జొన్నరొట్టె చేసింది.

మెల్లగా కడుపు కుదుటపడింది, వాపులు తగ్గాయి. సంతోషపడేలోపే వేళ్లు మళ్లీ బిగుసుకున్నాయి. జబ్బునే తప్పుగా గుర్తించారేమోనని భయపడ్డాను. ఆస్పత్రిలో పథ్యం చెప్పే డైటీషియన్ ఒక్కటే అడిగింది: "జొన్నపిండి ఎక్కడ పట్టిస్తున్నరు?"

గిర్నీలో. అందరి గోధుమలూ పట్టే మరలోనే.

పక్కనే ఉన్న అమ్మ ముఖం వాడిపోయింది. "నా చేతులతోనే పెట్టిన గదా కొడుకా!"

"నీకెట్ల తెలుస్తదమ్మా? నాకే తెల్వకపాయె."

అప్పటినుంచి జొన్నలు ఇంట్లోనే మిక్సీ పట్టి జల్లిస్తుంది. ఇంగువలో కూడా గోధుమపిండి కలుస్తుందని తెలిసి అదీ మానేశాం.

ఇప్పుడు మళ్లీ లైన్ మీదే పనిచేస్తున్నాను. నొప్పి పూర్తిగా పోలేదు. చలికాలం పొద్దున కుడి మణికట్టు కాసేపు మొరాయిస్తుంది. దావత్‌కు పోతే ఇంట్లో తినే పోతాను. చుట్టాలు మొదట్లో నొచ్చుకున్నారు, ఇప్పుడు అడగడం మానేశారు.

నాలాంటి వాళ్లకు ఒక్క మాట. అనుమానం వచ్చిందని ముందే గోధుమలు మానేయకండి. మానేస్తే టెస్టులో జబ్బు దొరక్కపోవచ్చు. ముందు టెస్టు చేయించుకోండి, పథ్యం ఆ తర్వాత.