రెండు మలుపుల ముందు

మంగళవారం పొద్దున పదింటికి డ్రైవింగ్ స్కూలు కారు రివర్సులో వెళ్తూ వెళ్తూ, దర్జీ కొట్టు ముందున్న సిమెంటు పూలకుండీ ఎక్కి కూర్చుంది. వెనక చక్రం ఒకటి గాలిలో కాసేపు తిరిగి, ఇక తనకి పని లేదని తెలిసి ఆగింది. లోపలున్న ఇద్దరికీ దెబ్బల్లేవు.

"అయ్యో మాస్టారూ, మళ్లీనా!" అంది స్టీరింగు పట్టుకున్న నర్సమ్మ.

"దిగండమ్మా. రీప్లే చూద్దాం," అన్నాడు పక్క సీట్లో మాస్టారు.

దిగి కారు చుట్టూ తిరిగాడు. నేల మీద కూర్చుని చూశాడు. దర్జీ కొట్టు పక్క మెట్లెక్కి పైనుంచి చూశాడు. దర్జీ గుడ్డ కత్తిరించడం ఆపి, "ఎలా ఉందండీ సినిమా?" అనడిగాడు. "ఇంకా అర్థం కాలేదు," అన్నాడు మాస్టారు సీరియస్‌గా.

ఈ పిచ్చి ఆయనకి పద్దెనిమిదో ఏట పట్టింది. కంప్యూటర్ నేర్పే చోట ఒక కార్ల పందెం ఆట ఉండేది. గాలిలోకి లేచే వంతెనలు, తలకిందులుగా తిరిగే చక్రాల్లాంటి దారులు. ముక్క ముక్క అతికించి మన ట్రాకు మనమే కట్టుకోవచ్చు. స్నేహితులు గెలవడానికి ఆడేవాళ్లు. ఈయన మాత్రం కారు గడ్డిలోకి దూకి పగలగానే, ఎక్కడ పొరపాటు జరిగిందా అని రీప్లే వేసుకునేవాడు. నాలుగు మీటలు, నాలుగు వైపుల నుంచి చూపు. వెయ్యిసార్లు చూశాక ఆయనకి ఒకటి తేలింది: కారు పడిన చోట తప్పుండదు, రెండు మలుపుల ముందుంటుంది. ఆ ఆట పాతబడి ముప్పై ఏళ్లయింది. ఎక్కడెక్కడి వాళ్లో ఇప్పటికీ దాంట్లో ట్రాకులు కట్టి ఒకరికొకరు పంపుకుంటూనే ఉన్నారు. వాళ్లలో మాస్టారూ ఒకడు.

"ఒరే, పాఠం అరగంట, నువ్వు మెట్ల మీద ఇరవై నిమిషాలు!" అంది స్కూలు నడిపే వాళ్లక్క. "ఆవిడ లైసెన్సు పరీక్ష మూడుసార్లు తప్పింది. సోమవారం కూడా తప్పితే మందుల వ్యాను వేరేవాళ్లకి ఇచ్చేస్తారట. పదకొండేళ్లు ఆసుపత్రి వార్డులో నర్సుగా నిలబడి నిలబడి, ఇప్పుడు ఊరూరూ తిరిగే ఉద్యోగం నోటిదాకా వచ్చింది, పాపం."

మాస్టారికి నర్సమ్మ అంతు చిక్కలేదు. ముందుకి పువ్వులా నడుపుతుంది. రివర్సు వేస్తే చాలు, ఏ స్తంభమో కుండీయో ఆవిణ్ణి పిలిచినట్టే వెళ్తుంది.

"అక్కా, రేపు నా సీట్లో నువ్వు కూర్చో," అన్నాడు.

బుధవారం ఆయన మెట్ల మీద నిలబడ్డాడు. నర్సమ్మ మొదటి మలుపు తిరిగింది. రెండోది తిరిగింది. అప్పుడు కారులోంచి ఎదురు గోడ మీద పడుతున్న చిన్న వెలుగు చుక్క గంతేసి పక్కకి జరిగింది. లోపలి అద్దం కదిలింది! ఆ తర్వాత రివర్సు, ఆ తర్వాత అక్క కేక.

మాస్టారు రెండేసి మెట్లు దిగి వచ్చాడు. "అమ్మా, ఆ మలుపు దగ్గర అద్దం ఎందుకు తిప్పారు?"

నర్సమ్మ సిగ్గుపడింది. "మొహం చూద్దామని. నేను బాగా నడిపితే పక్కనున్నవాళ్ల మొహం మామూలుగా ఉంటుంది. లేకపోతే మీ మొహం ఆముదం తాగినట్టవుతుంది మాస్టారూ. అది చూస్తే గానీ నాకు నమ్మకం కుదరదు."

"మళ్లీ వెనక్కి తిప్పరా?"

"మర్చిపోతాను. అప్పుడు అందులో సగం మీ చెవి, సగం మీ మీసం. స్తంభం ఎక్కడ కనిపిస్తుంది?"

మాస్టారు తన మొహం తడుముకున్నాడు. నేర్పేవాళ్లకి స్కూలు కారులో వేరే అద్దం ఉంటుంది. అందుకని ఆవిడ అద్దం వైపు ఆయన ఎన్నడూ చూడలేదు. ఇన్నేళ్లుగా అందరి తప్పులూ నాలుగు వైపుల నుంచి చూశాడు గానీ, ఆ ట్రాకు మీద తన మొహం కూడా ఒక మలుపేనని తట్టలేదు.

మరునాటి నుంచి ఆయన నల్ల గాజున్న బైకు హెల్మెట్ పెట్టుకుని పాఠం చెప్పాడు. వీధి వీధంతా నవ్వింది. "ఏంట్రా ఈ వేషం, పరువు గంగలో కలిపేశావు!" అంది అక్క. నర్సమ్మ మొదటిరోజు రెండుసార్లు అద్దం తిప్పి, నల్ల గాజు తప్ప ఏమీ కనబడక, తిట్టుకుంటూ దాన్ని మళ్లీ వెనక దారి కనబడేలా సర్దుకుంది. మూడో రోజుకి అద్దం మీదికి చెయ్యే లేవలేదు.

సోమవారం పరీక్షలో పక్కన హెల్మెట్ లేని పెద్దాఫీసరు కూర్చున్నాడు. మెట్ల లాంటివేవీ లేక మాస్టారు ప్రహరీగోడ ఎక్కి చూశాడు. రెండో మలుపు దాటింది. వెలుగు చుక్క కదల్లేదు. కారు రెండు స్తంభాల మధ్యకి, సొరుగు మూసినంత మెత్తగా, వెళ్లి ఆగింది.

ఆఫీసరు దిగి, కాగితం మీద సంతకం చేసి, మాస్టారి దగ్గరికొచ్చాడు. "పాసయింది లెండి. కానీ మీ శిష్యురాలికి మర్యాద నేర్పలేదేంటండీ? మొదట్నుంచి చివరిదాకా నా మొహం వంక ఒక్కసారైనా చూడలేదు!"

"అందుకేగా సార్, పాసయింది."