కాయకో మాట

నా చిన్నప్పుడు నాకు మాట తెచ్చిపెట్టిన మనిషి మా మేనత్త. ఆమె పోయే ముందు మా ఇద్దరి మధ్యా నడిచిన ఆఖరి మాటలతోనే మొదలుపెడతాను. నేను మంచం పక్కన కింద కూర్చుని ఉన్నాను. ఆమె కళ్ళు తెరవకుండానే, "ఏదన్నా చెప్పవే" అంది. "ఏం చెప్పనత్తా, నోట్లోంచి మాట రావటంలే" అన్నాను. "నిదానంగా చెప్పు. నేనెక్కడికీ పోవటంలే" అంది.

చెప్పడం మొదలుపెట్టాను. నేను చెబుతూ ఉండగానే వెళ్ళిపోయింది.

మా అత్త నాతో రెండంటే రెండు అబద్ధాలు ఆడింది. అది రెండోది. మొదటిది నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళున్నప్పుడు మిరపకల్లంలో ఆడింది. ఇప్పుడు చెప్పబోయేది దాని సంగతే.

ఎందుకు చెబుతున్నానో ముందు చెప్పాలి. నరసరావుపేటలో మా పేటవాళ్ళంతా కలిసి ఏటా ఒక పండుగ చేస్తున్నారు. దేవుడి పండుగ కాదు. కొత్తగా రాయాలనుకునేవాళ్ళూ, ఇప్పటికే పుస్తకాలు రాసిన మన చుట్టుపక్కలవాళ్ళూ, ఊరికే వినేవాళ్ళూ ఒక బడి ఆవరణలో పొద్దుటి నుంచి కూర్చునే పండుగ. పోయినేడు నా మనవరాలు నన్ను ఆటో ఎక్కించి తీసుకుపోయింది. పుస్తకం రాసేవాళ్ళు ఎక్కడో పెద్ద పట్నాల్లో ఉంటారని నేను అనుకునేదాన్ని. లోపలికి పోతే వరసగా బల్లలు, బల్లల మీద పుస్తకాలు, ఒక బల్ల వెనక మా వీధి చివరి టైలరు. "ఏందయ్యా, కొలతలు ఇక్కడ తీస్తన్నావా? నా జాకెట్టు ఏమైంది?" అన్నాను. "జాకెట్టు రేపిస్తా పెద్దమ్మా, ఇది నేను రాసిన పుస్తకం" అన్నాడు సిగ్గుపడుతూ. మన బట్టలు కుట్టే చేత్తోనే మన సంగతులూ కుడుతున్నాడని నాకు ఎంత గొప్పగా అనిపించిందో. జాకెట్టు మాత్రం ఆ రేపు ఇవ్వలేదు.

ఈ ఏడు ఆ పండుగలో పంచే చిన్న పుస్తకానికి పెద్దవాళ్ళ చిన్ననాటి సంగతులు కావాలన్నారు. నన్నూ అడిగారు. నాకు సంతకం వచ్చు, బస్సు మీది ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతకు మించి రాదు. అందుకని నేను చెబుతున్నాను, నా మనవరాలు రాస్తోంది. నా ఒళ్ళో చాట ఉంది, చాటలో ఎండుమిరపకాయలున్నాయి. అవి ఎందుకో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

మాది గురజాల పక్క పల్లె. చిన్నప్పుడు నాకు నత్తి ఉండేది. మామూలు నత్తి కాదు, మాట గొంతులో అడ్డం పడి, కళ్ళు తేలేసేదాన్ని. బళ్ళో పేరు చెప్పమంటే మొదటి అక్షరం దగ్గరే నిలబడిపోయేదాన్ని. పిల్లలు నవ్వేవాళ్ళు. కొన్నాళ్ళకు పేరు చెప్పాల్సిన చోటికే పోవడం మానేశాను. చదువు అట్లా పోయింది.

ఇంట్లో నవ్వేవాళ్ళు లేరు. ఇంట్లో ఉన్నది ప్రేమ. మా అమ్మ నా అవస్థ చూడలేక, మాట నా నోట్లో ఇరుక్కోగానే తానే అందుకునేది. నేను "మం... మం..." అంటే చెంబుతో మంచినీళ్ళు ఇచ్చేది. నేను చెప్పాలనుకున్నది మంచం కింద పిల్లి ఈనిందని. కాదని చెప్పడానికి మళ్ళీ నోరు తెరవాలి గదా, నీళ్ళు తాగేసి ఊరుకునేదాన్ని. అట్లా లేని దాహాలన్నీ తీర్చుకుంటూ మాట్లాడటమే తగ్గించేశాను. ఏడాది తిరిగేసరికి ఊళ్ళో సగం మంది నన్ను మూగపిల్ల అనుకున్నారు. నిజంగా అదే అయిపోయేదాన్ని.

మా అత్త మా నాన్నకు పెద్దక్క. పిల్లల్లేరు, మొగుడు లేడు, మా పక్కింట్లోనే ఒక్కతే ఉండేది. గడుసు మనిషి. కథ చెప్పడంలో ఆ చుట్టుపక్కల ఆమెను మించినవాళ్ళు లేరు. మిరప కోతలయ్యాక కాయలు కల్లంలో ఎండితే, ఆడవాళ్ళంతా తాటాకు పందిరి కింద వరసగా కూర్చుని ముచ్చికలు తీసేవాళ్ళం. ముచ్చిక అంటే కాయకుండే తొడిమ. చిటుక్కున తుంచడం, కాయ బుట్టలో వేయడం, పొద్దుగూకేదాకా అదే పని. కళ్ళు మంట, వేళ్ళు మంట, తుమ్ములు. కథ లేకపోతే ఆ పని సాగదు.

అయితే కథ చెప్పేవాళ్ళ చేయి నెమ్మదిస్తుంది. బుట్ట నిండకపోతే కూలి తగ్గుతుంది. అందుకని మా కల్లాల్లో ఒక పద్ధతి ఉండేది. కథ అయిపోగానే విన్న ప్రతి మనిషీ తన బుట్టలోంచి పిడికెడు కాయలు తీసి, చెప్పినామె బుట్టలో పోయాలి. బాగుంటే నిండు పిడికెడు, బాగాలేకపోతే వేళ్ళ సందుల్లోంచి జారేంత. మా అత్త బుట్ట ఎప్పుడూ అందరికంటే ముందు నిండేది.

ఒక మధ్యాహ్నం అందరూ అన్నాలకు లేచారు. నేను ఒక మూల కూర్చుని కాయలు తుంచుతూ, అక్కడ తిరుగుతున్న కోడిపెట్టతో మాట్లాడుతున్నాను. చిటుక్కుమన్నప్పుడల్లా ఒక మాట. మాట ఎక్కడా తట్టుకోలేదు. ఆ సంగతి నాకు తెలియలేదు, కోడికి తెలిసినా చెప్పలేదు. గోతాల చాటున నిలబడి మా అత్త వింది. విని, ఏమీ ఎరగనట్టు వచ్చి నా పక్కన కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే కొత్త కథ ఎత్తుకుంది. ఒక ఇంట్లో పొయ్యిలో నిప్పు ఆరిపోయింది. అగ్గిపెట్టెలు లేని కాలం. అత్తగారు కోడలిని పిలిచి, నాగులేరు అవతలి పల్లెకు పోయి నిప్పు అడిగి తెమ్మంది. కోడలు కుండలో నాలుగు నిప్పుకణికలు వేయించుకుని, నెత్తిన చుట్టకుదురు, దాని మీద కుండ పెట్టుకుని తిరిగొస్తుంటే ఏటి మధ్యలో ఉండగా ఎగువ నుంచి వరద నీళ్ళు వచ్చాయి. ఒక బండ ఎక్కి నిలబడింది. ముందుకు పోలేదు, వెనక్కి పోలేదు. ఇంటి దగ్గర చంటిపిల్ల చలికి వణుకుతోంది. కుండలో నిప్పు బూడిద కమ్ముతోంది.

మా అత్త ఆ కోడలిని ఆ బండ మీద ఎంతసేపు నిలబెట్టిందో చెప్పలేను. పందిరి కింద ఒక్కరూ తుమ్మలేదు. అప్పుడు కాళ్ళు చాపుకుని, మామూలు గొంతుతో అంది గదా, "ఇంకేముంది, కుండ జారింది, ఏట్లో పడింది, నిప్పు ఆరింది. అయిపోయింది కథ."

కల్లం అంతా లేచింది.

"ఏందక్కా ఇది! పొద్దున్నుంచి నడిపించి నడిపించి ఏట్లో ముంచావా?" అని ఒకామె.

"పిడికెడు కాయలు కాదు, పిడికెడు ముచ్చికలు పోస్తా నీ బుట్టలో" అని ఇంకొకామె.

"పోస్తే పొయ్యండి. జరిగింది చెప్పా. నన్నేం చెయ్యమంటారు?" అంది మా అత్త.

నాకు ఒళ్ళంతా మండిపోయింది. ఆ కోడలు అంతసేపు నిలబడింది గదా! అంతసేపు మోసింది గదా! నాకు తెలియకుండానే నోరు తెరిచాను. "కా... కా... కా..."

మా అమ్మ బుట్ట వదిలేసి నా వైపు వంగింది. "ఏమ్మా, కాలికేమన్నా గుచ్చుకుందా? కాలు తిమ్మిరెక్కిందా?"

మా అత్త చాచిన కాళ్ళు మడుచుకుంది. "ఏమే, నువ్వు ఊరుకో" అంది మా అమ్మతో. "దాని మాట దాని నోట్లోనే ఉంది. నీ నోట్లో లేదు."

"అదికాదు వదినా, పిల్ల అల్లాడతంది..."

"అల్లాడనీ." అని నా వైపు తిరిగింది. ఆ గొంతు అప్పటిదాకా నేను వినలేదు, అంత మెత్తగా ఉంది. "నిదానంగా చెప్పు. మేమెక్కడికీ పోవటంలే. సందెదాకా కూలికొచ్చినోళ్ళం, ఎక్కడికి పోతాం? చేతులు మాత్రం ఆపబాకు. కాయ తుంచు, మాట చెప్పు. కాయకో మాట."

తుంచాను. "కాదు" అన్నాను.

ఇంకో కాయ. "కుండ." ఇంకో కాయ. "జారలేదు."

ఎవరూ అందుకోలేదు. ఎవరూ నవ్వలేదు. చుట్టూ చిటుకు చిటుకుమని ముచ్చికలు విరుగుతున్నాయి, ఆ చప్పుడు నాకు దారి వేసినట్టుంది. చెప్పాను. కోడలు కుండ దించి గుండెకు ఆనించుకుంది. నెత్తిన చుట్టకుదురు కుండ కింద ఉంది కాబట్టి తడవలేదు. దాన్ని విప్పింది. అది గడ్డితో చుట్టిందే గదా, ఒక్కో పోచ లాగి నిప్పు మీద వేసింది. ఒక పోచ మండి ఆరేలోపు ఇంకో పోచ. తొందరపడి రెండు వేయలేదు, భయపడి ఒకటీ ఆపలేదు. ఆఖరి పోచ వేసేసరికి బండ కింద ఇసక కనబడింది. ఇంటికి పోయి పొయ్యి రాజేసింది.

చెప్పడం అయిపోయాక తల ఎత్తాలంటే భయమేసింది. నా బుట్టలో ఏదో పడిన చప్పుడైంది. ముచ్చికలు పోస్తానని బెదిరించినామె నిండు పిడికెడు కాయలు పోసింది. తర్వాత పక్కామె, ఆ పక్కామె. మా అమ్మ రెండు చేతులా దోసిలి పట్టి పోసింది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు. మిరప ఘాటు అంది. కల్లంలో అదొక సుఖం, ఎవరు ఎందుకు ఏడుస్తున్నారో ఎవరూ అడగరు.

అందరి తర్వాత మా అత్త పోసింది. "నా కథ పాడు చేశావు గదే" అంది. నవ్వు మాత్రం దాచుకోలేకపోయింది.

నా నత్తి ఆ రోజుతో మాయం కాలేదు. తగ్గడానికి ఏళ్ళు పట్టింది, కోపం వస్తే ఇప్పటికీ తొంగి చూస్తుంది. కానీ ఆ రోజు నుంచి నాకు మాట అంటే భయం పోయింది. పెళ్ళయి నరసరావుపేట వచ్చాక, మా ఆయన పోయాక, మార్కెట్ యార్డులో మిరపకాయల పనిలోనే పిల్లల్ని పెంచాను. అక్కడా కథలు చెప్పాను, అక్కడా నా బుట్టలో పిడికిళ్ళు పడ్డాయి. ఆ ఘాటుకే గొంతు ఇట్లా గరగరలాడేటట్టు అయింది. ఈ గొంతు నాకు ఇష్టమే.

చాలా ఏళ్ళ తర్వాత మా అత్తను అడిగాను, ఆ కథకు అసలు చివర ఏమిటని. కుండ జారడం అబద్ధమని అప్పటికి నాకు అర్థమైంది. ఆమె వక్క నములుతూ అంది, "నువ్వు చెప్పిందే. ఏరు దాకా నేను కట్టా. ఆడ నుంచి నీకొదిలేశా." కోడిపెట్ట సంగతి కూడా అప్పుడే చెప్పింది. ఊరంతా మెచ్చుకునే తన కథను, నిండే తన బుట్టను, ఒక పిల్ల నోరు తెరవడం కోసం ఏట్లో పారేసిన మనిషి. ఆమె కంటే గొప్ప రచయితను నేను ఇంతవరకు చూడలేదు. ఆమెకు సంతకం కూడా రాదు.

పోయినేటి పండుగలో ఒకటి జరిగింది. వెల్దుర్తి వైపు నుంచి ఒక నడివయసు రైతు వచ్చాడు. జన్మలో మొదటిసారి కవిత రాసుకుని మైకు ముందుకెక్కాడు. రెండు ముక్కలు చదివేసరికి మాట తట్టుకుంది. జనం మంచివాళ్ళే, ధైర్యం చెబుదామని చప్పట్లు కొట్టారు. ఆయనకు మాత్రం అవి ఇక చాల్లే దిగమన్నట్టు వినబడ్డాయి. కాగితం మడవబోయాడు. ఆ మడత నాకు తెలుసు. మడిచాడంటే మళ్ళీ విప్పడు.

లేచి నిలబడి అరిచాను. "నిదానంగా చెప్పు నాయనా! మేమెక్కడికీ పోవటంలే. భోజనాలు కూడా ఈడనేనంట!"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వి, కాగితం సరిచేసుకుని, ఎండిపోయిన తన బోరు గురించి చివరిదాకా చదివాడు. కింద కూర్చున్న వాళ్ళందరం ఏమీ అందుకోకుండా విన్నాం. ఆయన దిగొచ్చాక బల్లల వెనకున్న రచయితలు ఒక్కొక్కరే లేచి తమ పుస్తకం ఒకటి ఆయన చేతిలో పెట్టారు. ముందు లేచింది మా టైలరే. వాళ్ళకు మా కల్లం పద్ధతి తెలియదు. అయినా చేశారు. ఆ పండుగ అంటే నాకు అంత గౌరవం అందుకే.

కల్లంలో ఆ రోజు నుంచి నేను మోస్తున్నది ఇదే. మాట చెప్పేవాళ్ళకు ఇవ్వగలిగిన పెద్ద సాయం మాట అందించడం కాదు, వినేవాళ్ళం లేచిపోకుండా కూర్చోవడం.

నా మనవరాలు మంచిదే, కానీ మా అమ్మ పోలిక. ఇందాక నేను ఆగితే, "తర్వాత ఇదే గదా అమ్మమ్మా, నేను రాసేస్తాలే" అంది. "ఏమే, నీకు బస్సు టైమయిందా? నేను ఆగితే నువ్వూ ఆగు" అన్నాను. మూతి ముడుచుకుంది, ఆగింది.

ఏదీ అమ్మడూ, ఇప్పుడు మొదటి నుంచి చదివి వినిపించు. ఇందులో అన్నీ నా మాటలేనో, నువ్వు అందుకున్నవి ఏమన్నా ఉన్నాయో చూద్దాం. చాటలో ఇంకా కాయలున్నాయి. నిదానంగా చదువు. నేనెక్కడికీ పోవటంలే.