ఎండ కోసం కొండెక్కిన అస్తరు

ఆ రోజుల్లో, అంటే పాడేరు మొత్తానికి కుట్టుమిషన్లు రెండే ఉన్న కాలంలో, పద్దెనిమిదేళ్ల నాకు సూదిలోకి దారం ఎక్కినంత సులువుగా తలకి పొగరు కూడా ఎక్కింది. (దారానికైతే చివర ముడి వేసేదాన్ని.) ఆ రెండు మిషన్లలో ఒకటి మా నాన్నది. "పంతులుగారి అమ్మాయి పెళ్లి జాకెట్టు బాగా కుట్టినావంటే మిషను నీదే. పాడు సేసినావా, మీ పిన్నికి అంపేత్తాను" అని ముందే చెప్పేశాడు.

బడి పంతులుగారిది క్రైస్తవ కుటుంబం, అమ్మాయిది చర్చి పెళ్లి. వాళ్లు ఇచ్చిన తెల్ల మస్లిను ఎంత పలచనంటే, దాని కింద చెయ్యి పెడితే అరచేతి గీతలు లెక్కపెట్టుకోవచ్చు. అలాంటి గుడ్డకి లోపల, బయట అని రెండుండవు. అందుకే పోగులూడే అంచులన్నీ లోపలికి దాగిపోయేలా ఒక్కో కుట్టునీ మడిచి రెండేసి సార్లు కుట్టాను. కింద ఒంటికి తగిలేవైపు సన్నని అస్తరు గుడ్డ వేశాను. వచ్చిన ప్రతివాళ్లకీ తిరగేసి చూపించి ఉపన్యాసమిచ్చాను. నా గొప్పలకి మాత్రం అంచు మడవడం మరిచిపోయాను.

పెళ్లి రేపనగా పొద్దున్నే పని పూర్తయింది. పూర్తవగానే నా వేలు దానంతటదే పసుపు డబ్బాలోకి వెళ్లింది. మా ఇంట్లో కొత్తబట్టకి మూల పసుపు పెట్టందే ఎవరూ తొడగరు. అస్తరు లోపలివైపు కదా, ఎవరు చూస్తారని వీపు దగ్గర చిన్న బొట్టు పెట్టాను. జాకెట్టు తిరగేస్తే, అస్తరునీ మస్లినునీ దాటుకుని పొద్దు పొడిచినట్టుంది. కంగారులో సబ్బు రుద్దాను. ఎర్రబడింది.

"ఏటే గుంటా, పెళ్లికూతురి వీపున కుంకం కూడా ఎట్టేసినావేటి?" అంది మేనత్త గుమ్మంలోంచి.

"నవ్వకత్తా. ఏటి సెయ్యాలో సెప్పు."

"పసుపు ఎండకి తప్ప దేనికీ జడవదు. ఎండలో ఎయ్యి."

శ్రావణమాసం. మా ఊరికి ఎండ మొహం చూపించి వారమైంది. అయినా సరే అనుకుని మస్లినుకి కాస్తే అంటిన మరక కడిగేసి, ఎంత కడిగినా మరక వదలని అస్తరు విప్పడానికి కూర్చున్నాను. రెండేసి సార్లు కుట్టిన పాపానికి రెండేసి సార్లు విప్పాను. తడి అస్తరు భుజాన వేసుకుని కొండెక్కాను. చోడి చేలో, అదే రాగి చేలో, కలుపు తీస్తున్న ఆవిడ నడుం ఎత్తి చూసింది.

"గుడ్డట్టుకుని ఎక్కడికమ్మా?"

"ఎండకి."

ఆవిడ ఆశ్చర్యపోలేదు. "ఇందాక ఇక్కడే ఉన్నాది. అదిగో, అవతల గట్టుకెల్లింది. బేగి నడు."

నేను చేరేసరికి అది ఇంకో గట్టుకి వెళ్లింది. మధ్యాహ్నం దాకా ఎండ ముందు, నేను వెనక. దొరికిన చోటల్లా బండమీద అస్తరు పరిచాను, మబ్బు కమ్మగానే చుట్టబెట్టి పరుగెత్తాను. చివరికి పసుపు వెలిసి, తెలిసినవాళ్లకి మాత్రమే తెలిసేంత నీడ మిగిలింది. కిందికొచ్చి మళ్లీ కుట్టాను, ఈసారి ఉపన్యాసం లేకుండా.

సాయంత్రం మా ఇంటికొచ్చిన పెళ్లికూతురి తల్లి, పంతులమ్మగారు, జాకెట్టుని కిటికీకి ఎదురుగా పట్టుకుని ప్రతి కుట్టూ వేలితో తడిమారు. వీపు దగ్గర వేలు ఆగింది. మా నాన్న చూపు మిషను మీదికి వెళ్లింది.

"ఇదేటమ్మా?"

"ఎండండీ" అన్నాను. అంతకంటే దగ్గరి నిజం తోచలేదు.

ఆవిడ వేలు తియ్యకుండానే, "మా అమ్మా ఎట్టేదిలే, కొత్తబట్టకి ఇలాటి ఎండ" అని మెల్లిగా అంటూ జాకెట్టు మడత పెట్టేశారు.

మిషను నాకే మిగిలింది. ఇప్పుడు దారం నా మాట వినడం లేదు, మనవరాలే ఎక్కించి ఇస్తుంది. కుట్టిన బట్టకి పసుపు పెట్టడం మాత్రం మానలేదు. కాకపోతే, పొట్లం కట్టిన కాగితానికి పెడుతున్నాను.