శాస్త్రిగారి దీవెనకు నా ఆమెన్

నాకింకా ముప్ఫై నిండలేదు. టీవీలో మాత్రం అరవై దాటి అయిదేళ్ళయింది. మారేడ్‌పల్లిలో కూరగాయల బండి దగ్గర నాకంటే పెద్దవాళ్ళు "అత్తమ్మా, ముందు మీరు తీసుకోండి" అని జరిగి దారిస్తారు. మొదట్లో బాధపడ్డాను. తర్వాత చూస్తే బెండకాయలు లేతవి ఏరి పెడుతున్నారు. బాధపడటం మానేశాను.

నటన ఎక్కడ నేర్చుకున్నారని అడుగుతుంటారు. మా ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర. గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో ఓ మిషన్ స్కూల్లో తెలుగు పండితుడిగా స్థిరపడ్డారు మా నాన్న. అన్నానికి ముందు ఆయన చేసే ప్రార్థన లోకసృష్టితో మొదలయ్యేది. దేశాన్ని ఏలేవారిని, నేరేడ్‌మెట్‌లో కాలు విరిగిన చర్చి సంఘపెద్దని, మా వీధి నల్లాని, కరెంటు ఆఫీసువాళ్ళని వరసగా పలకరించి, చిట్టచివరికి పప్పుచారు దగ్గరికి వచ్చేది. అమ్మ వేడిగానే వండేది. మేము చల్లగానే తినేవాళ్ళం.

కళ్ళు మూసుకుని నేను ఒక్కదానికోసమే కాచుకునేదాన్ని: నాన్న గొంతు ఎప్పుడు మెట్టు దిగుతుందా అని. దిగిన మరుక్షణం "ఆమెన్" పడాలి. ముందే పడితే భక్తి లేదని అమ్మ గిల్లేది. ఆలస్యమైతే పెద్ద చేపముక్క తమ్ముడి కంచంలో ఉండేది. టైమింగ్ గురించి ఇంతకంటే ఎక్కువ నాకు తర్వాత ఎవరూ నేర్పలేదు.

డిగ్రీ అయ్యాక నాటకాల్లో వేస్తానన్నాను. నాన్న కోప్పడలేదు. బి.ఎడ్. ప్రవేశ పరీక్ష ఫారం తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టారు.

"ఏడాది టైమిస్తున్నానమ్మా. ఈలోగా నిన్ను చూసి బయటివాళ్ళు నలుగురు నవ్వాలి. నవ్వకపోతే దీనిమీద సంతకం పెట్టు."

"మీరు నవ్వితే లెక్కలోకొస్తుందా నాన్నా?"

"నేను ఇంటివాణ్ణి."

పదకొండు నెలల్లో నేను వేసిన పాత్రలివి. టీ ట్రే పట్టుకున్న పనిమనిషి. టీ ట్రే పట్టుకున్న పెళ్ళికూతురు. ఒకసారి, ట్రే లేకుండా, శవం. శవంగా ఉండి తుమ్మాను. ఎవరూ గమనించలేదు.

మా దర్శకుడు పగలు రైల్వేలో గుమాస్తా, సాయంత్రాలు కళాకారుడు. నాటక పోటీలకు పదిహేను రోజులున్నాయనగా అత్త వేషం వేసే ఆవిడ భర్తకు విశాఖపట్నం బదిలీ అయింది. దర్శకుడు చుట్టూ చూసి, ఇంకెవరూ కనిపించక, నన్ను చూశాడు.

"నువ్ జేస్తవా?"

"నాకు ఇరవై రెండండీ."

"పౌడరుంది."

అంతే. జుట్టుకు పౌడర్ కొట్టించుకుని అగ్రహారపు అత్తగారినయ్యాను. కానీ అత్త అంటే జుట్టొక్కటే కాదు కదా. ఆ మిగతాదంతా కింది వాటాలో ఉండే మా ఓనరమ్మ నేర్పింది. ఆమెకు ముగ్గురు కోడళ్ళు. అనుభవం దండిగా ఉంది.

"ఏందే పిల్లా, గట్ల ఉరుకుతవ్? మోకాళ్ళు నొస్తలేవా నీకు?"

"లేదు పెద్దమ్మా."

"నొయ్యాలె. నొయ్యకుంటే అత్త ఎట్లయితవ్? కూసునేటప్పుడు ఒకపారి అబ్బా అను. లేసేటప్పుడు కోడల్ని తిట్టు. జెర చెయ్యి నడుం మీద బెట్టు... ఆఁ, గిట్ల!"

మా ఇంట్లో బొట్టు అలవాటు లేదు. ఓనరమ్మ రూపాయి బిళ్ళంత బొట్టు అతికించేది. రిహార్సల్ నుంచి వచ్చాక దాన్ని తీసి, ఆమె గుమ్మానికి అంటించి, పైకి వెళ్ళేదాన్ని. పోటీ రోజు వచ్చేసరికి ఆ గుమ్మం ముత్తయిదువులా కళకళలాడుతోంది.

పోటీ సాయంత్రం హాలు సగం నిండింది. మూడో వరసలో ఓనరమ్మ, ఆమె పక్కన నాన్న. నాన్న ఒళ్ళో సంచీ. సంచీలో ఏముందో నాకు తెలుసు. ఫ్రిజ్ మీద పాతది పోయి ఆ ఏటి కొత్త ఫారం వచ్చింది; దానికి మర్నాడే ఆఖరు తేదీ.

మొదటి అరగంట ఎవరూ నవ్వలేదు. ఒకాయన దగ్గాడు. నేను దాన్నే నవ్వు కింద జమకట్టుకుందామని చూశాను.

తర్వాత నిశ్చితార్థం ఘట్టం. పురోహితుడు శాస్త్రిగారు పెళ్ళికూతుర్ని దీవిస్తాడు. దీవెన అవగానే నేను "తథాస్తు" అనాలి. ఒకే ఒక్క మాట. శాస్త్రి వేషం వేసినాయన బ్యాంకులో పనిచేస్తాడు. జనాన్ని చూస్తే ఆయనకు మాటలు ఊరతాయి. రిహార్సల్లో నాలుగు వాక్యాలున్న దీవెనను ఆ రోజు పంటలు, పాడి, మనుమలు, మునిమనుమలు, ఊరి చెరువుదాకా సాగదీశాడు. నేను తలవంచి నిలబడ్డాను. చేతులు వాటంతటవే ముడుచుకున్నాయి. కళ్ళు మూతపడ్డాయి. ఇరవై రెండేళ్ళ అలవాటు. ఎక్కడో ఆయన గొంతు మెట్టు దిగింది.

"ఆమెన్" అన్నాను. చక్కగా, గట్టిగా, సరిగ్గా వేళకు.

హాలు నిశ్శబ్దమైపోయింది. పక్కతెర దగ్గర దర్శకుడు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. శాస్త్రిగారు నోరు తెరిచి, మూయడం మరచిపోయాడు. నాకు మాత్రం మూడో వరసలో సంచీ తెరుచుకుంటున్న చప్పుడు వినిపించింది. భ్రమే కావచ్చు.

ఒక కన్ను తెరిచాను. నడుం మీద చెయ్యి వేసి, అబ్బా అని, శాస్త్రిగారితో అన్నాను: "ఇంత పొడుగు దీవెన మోయడానికి ఒక్క దేవుడు చాలడులెండి శాస్త్రిగారూ. పక్కింటాయనకు కూడా ఓ మాట చెప్పి ఉంచాను."

ముందు ఓనరమ్మ నవ్వింది. నవ్వడమంటే, కుర్చీ కిర్రుమంది. తర్వాత ఆమె ముందు వరస, వెనక వరస, ఆ తర్వాత దగ్గినాయన. ఆ నవ్వు తగ్గేలోగా శాస్త్రిగారు తన తర్వాతి డైలాగు మరచిపోయాడు. అదీ నేనే చెప్పాను. దానికీ నవ్వారు.

తెర పడగానే దర్శకుడు మీదికొచ్చాడు.

"తథాస్తు అనమ్మా అంటే ఆమెన్ అంటవా? ఇజ్జత్ తీసినవ్ గదా! జడ్జి సాబ్ ఏందో రాసుకున్నడు, నేను జూసిన!"

వెనకనుంచి నాన్న గొంతు వినిపించింది. "అర్థంలో దోషమేమీ లేదండీ. రెండు మాటలకీ 'అట్లే అగుగాక' అనే అర్థం."

"మీరెవరు సార్?"

"దీని నాన్నని. తెలుగు పండితుణ్ణి."

నాన్న సంచీలోంచి ఫారం తీశారు. పెన్ను కూడా తీశారు.

"ఎంతమంది నవ్వారు నాన్నా?"

"లెక్కపెట్టలేదమ్మా."

"నలుగురుంటారా?"

"ఓనరమ్మగారొక్కరే నలుగురి పెట్టు." పెన్నుకు మూత పెట్టేశారు. ఫారం మాత్రం చించలేదు. మడతపెట్టి, ఇంటికెళ్ళాక మళ్ళీ ఫ్రిజ్ మీదికి చేర్చారు. "ఉండనీ, వచ్చే ఏడు కూడా పరీక్ష ఉంటుందిగా" అన్నారు.

ఉత్తమ హాస్యనటి బహుమతి నాకే ఇచ్చారు. జడ్జిగారు రాసుకున్నది నా పేరు. ఆయన టీవీకి సీరియల్ రాస్తున్నాడని నెల తర్వాత, ఓనరమ్మ ఇంటికి ఫోనొచ్చినప్పుడు తెలిసింది.

"ఓ పిల్లా! జల్ది దిగు! టీవీవోళ్ళంట! అత్త గావాల్నంట!" అని ఆమె వేసిన కేకకు వీధిలో ముగ్గురు అత్తలు బయటికొచ్చారు.

మొదటి భాగం ఓ ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చింది. చర్చి నుంచి వచ్చి భోజనానికి కూర్చున్నాం. టీవీ గొంతు తగ్గించి ఉంది. ఓనరమ్మ కూడా పైకొచ్చి కుర్చీ వేసుకుంది. గడియారంలో ఒంటిగంటకు రెండు నిమిషాలు తక్కువ. నాన్న కళ్ళు మూసుకున్నారు. లోకసృష్టి నుంచి పప్పుచారుదాకా ఎంత దూరమో నాకు తెలుసు. నా మొదటి సీన్ పోయినట్టే అనుకున్నాను.

"ఈ అన్నానికి స్తోత్రం. ఆమెన్" అన్నారు నాన్న.

ఎన్నో ఏళ్ళ తర్వాత మళ్ళీ నా ఆమెన్ ఆలస్యమైంది. చేపముక్క తమ్ముడికి పోయింది. నేరేడ్‌మెట్ సంఘపెద్ద ఆ వారం తన కాలు తానే చూసుకోవలసి వచ్చింది.

టీవీలో నేను నడుం మీద చెయ్యి వేసి, అబ్బా అని కూర్చున్నాను. ఓనరమ్మ "గది నేను నేర్పిందే!" అని బల్ల చరిచింది. ఇంటివాడైన నాన్న పక్కున నవ్వబోయి, నోట్లో వేడన్నం ముద్ద ఉండటంతో నాలుక కాల్చుకున్నారు. అలవాటు లేదు కదా. కళ్ళు టీవీ మీదే పెట్టి, చెయ్యి వెనక్కి చాచి ఫ్రిజ్ మీద తడిమి, దొరికిన మడత కాగితంతో కంచంలో అన్నానికి విసరసాగారు.

"ఏం కాయితం సార్ అది?" అంది ఓనరమ్మ.

నాన్న దాన్ని ఓసారి చూశారు. మళ్ళీ విసురుకుంటూ, "విసనకర్రండీ" అన్నారు.